సగం ఉప్పు ఊరగాయ

ఆళ్లగడ్డ,
12 జూలై 1983.

ప్రియమైన కరుణాకర్ నాయనగారికి,

ప్రభువు నామంలో వందనాలు. మన కరుణాకర్, తక్కిన పిల్లలు, అత్తమ్మ బాగున్నారు. నా సంగతి చివర రాస్తాను. మీరు సున్నిపెంటలో వేళకు తిని, నిద్రపోతున్నారని అనుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. ఊరగాయ బూజు పట్టిందని, నేను తడి చెయ్యి పెట్టి ఉంటానని రాశారు. డ్యాం క్వార్టర్స్‌లో మీతో ఉండే మీరావలి అన్న మూత తీసి, "ఏందప్పా, మీ ఇంట్లో ఉప్పుకు కరువా?" అన్నాడని కూడా రాశారు. చెయ్యి తడిది కాదు. ఉప్పే సగం వేశాను.

ఈస్టర్‌కు మీరు వచ్చినప్పుడు నంద్యాల డాక్టరు బీపీ చూసి ఉప్పు సగానికి తగ్గించమన్నాడు, బీడీలు మానమన్నాడు, రోజూ నడవమన్నాడు. మీరు అన్నిటికీ తల ఊపి, బస్టాండులోనే బీడీ వెలిగించారు. బీడీ నా చేతిలో లేదు, ఉప్పు ఉంది. ఊరగాయ కలిపేటప్పుడు అత్తమ్మ చెబుతూనే ఉంది: "ఉప్పు తగ్గితే నిలుస్తాదా మే? ఆ డాక్టరు యాడన్నా ఊరగాయ పెట్టినాడా?" ఆమె మాటే నిజమైంది. ఊరగాయ తక్కువ తినాలి గాని, ఊరగాయలో ఉప్పు తగ్గించకూడదు. ఆ మాత్రం తెలియక కాదు. మామయ్య గుండెపోటుతో పోయింది నలభై ఎనిమిదో ఏట. మీకిప్పుడు నలభై ఏడు. నాకు భయం వేసింది.

నన్ను నంద్యాల బస్సులో మన ఊరి నారాయణ చూశాడట, ఎందుకు వెళ్లావని అడిగారు. బట్టలకు వెళ్లానని రాద్దామనుకున్నాను. కిందటి నెల బడిలో బోర్డు మీద లెక్క వేస్తుంటే కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్నాను. అదే డాక్టరు నా చేతికి పట్టీ కట్టి రెండుసార్లు చూశాడు. నా బీపీ మీకన్నా ఎక్కువ. ఏం తింటావమ్మా అని అడిగితే చెప్పక తప్పలేదు. మీకు చప్పటిది కట్టి పంపి, నిండా ఉప్పున్న నిరుటి జాడీని పూటపూటా నేనే ఖాళీ చేస్తున్నాను. గుండెజబ్బు మగవాళ్ల రోగమనుకున్నాను.

జాడీ కడిగి బోర్లించాను. మాత్రలు వేసుకుంటున్నాను. బడి వదిలాక అహోబిలం రోడ్డున రెండు మైళ్లు నడుస్తున్నాను. మొదటిరోజు ప్రమీలమ్మ అరుగు మీద నుంచి, "యాడికి పోతాండావ్ టీచరమ్మా?" అంది. "యాడికీ లేదు, నడుస్తాండా" అన్నాను. ఊరికే నడిచే ఆడమనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. మూడు రోజులు అదే ప్రశ్న. ఇప్పుడు ఖాళీ సంచి ఒకటి పట్టుకుని నడుస్తున్నాను, ఎవరూ అడగడం లేదు.

ఆ బూజు ఊరగాయ పారేయండి. బీడీలు మానారో లేదో రాయండి. నేను దాచకుండా రాశాను, మీరూ దాచవద్దు. మీకు యాభై నిండగా చూడాలని ఉంది. చూడ్డానికి నేనూ ఉండాలి.

ఇట్లు,
మీ భార్య
జీవమ్మ