నాన్నకి పట్టిన బొండాలు

మార్చి 3
నేనే చంపుతున్నానా నాన్నని? నిన్న ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టగానే ఆ మాట అనేసి, అక్క కాకినాడ బస్సెక్కేసింది. జవాబు వినే ఓపిక తనకి లేదు. ఇక్కడే చెప్తున్నా.

అవును, పట్టాను. రోజుకి రెండు కొబ్బరి బొండాలు, ఏడాది నుంచి. ఎవరి తోటలో చెట్లెక్కి కాయల దింపుకెళ్ళినా మంచి చెట్టు చూసి, తియ్యటివి ఏరి తెచ్చి, కొట్టి, నా చేత్తో గ్లాసులో పోసిచ్చాను. కిడ్నీలకి మంచిదని ఊరంతా అంది. అక్క కూడా. "ఆ ఒక్క పనైనా సరిగ్గా చెయ్యరా" అని.

మంచి కిడ్నీలకి పర్లేదంట. పాడైన కిడ్నీ, బొండాం నీళ్ళలో ఉండే పొటాషియాన్ని బయటికి పంపలేదంట. ఒంట్లో పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చంట. "బొండాలు ఎవరిస్తున్నారయ్యా?" అన్నారు డాక్టరుగారు. అందరూ నా వైపే చూశారు.

"తొమ్మిదో తరగతి మానేసినోడికి ఏం తెలుస్తుంది!" — అక్క.
డిగ్రీ చదివావు కదా, నీకు తెలిసిందా?

మార్చి 5
ఆసుపత్రి కాగితం గోడకి అంటించాను. ఉప్పు బాగా తగ్గించాలి. ఆవకాయ, ఎండుచేప, అరటిపండు వద్దు. కూరముక్కలు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో ఉడకబెట్టాలి.

"సారమంతా పారబోస్తే ఇంకేముంటుందిరా?" — అమ్మ.
ఆ సారమే వద్దంటున్నారమ్మా.

రేపట్నుంచి నేనే వండుతా. పద్దెనిమిదిన మళ్ళీ రక్తపరీక్ష. అప్పటికీ పొటాషియం తగ్గకపోతే డయాలసిస్.

మార్చి 6
సొరకాయ కూర. నాన్న ఒక్క ముద్ద తిని కంచంలోకి చూశాడు.
"ఎవరు పోయార్రా ఇంట్లో, ఇలా వండావు?"
అప్పుడు నవ్వు రాలేదు. తర్వాత చెట్టు మీద వచ్చింది.

మార్చి 9
పలకరింపులు. మంచం పట్టినోడిని చూడ్డానికి ఉత్త చేతుల్తో వస్తే తప్పు కదా... బొండాలు తెస్తారు. చెట్లెక్కి దింపేవోడి ఇంటికి బొండాలు! బాబాయి ఏకంగా గెల మోసుకొచ్చాడు. ప్రార్థనకొచ్చిన చర్చి ఆడవాళ్ళు సంచి నిండా.

వద్దండి, ఆయనకి పడవండి, అన్నాను.
"ఆయ్, దేవుడిచ్చిన నీళ్ళు బాబూ. అందులో కల్తీ ఏముంటుంది?"
"పెద్దోళ్ళతో ఏంటా మాటలు?" అని అమ్మ అన్నీ అందుకుని అరుగు కింద పెట్టింది.
వాళ్ళు గేటు దాటగానే గోనెసంచికెత్తి, కాలవ పూడిక తీస్తున్న కూలీలకి ఇచ్చేసి వచ్చాను.
ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

మార్చి 12
కాగితంలో ఉన్నట్టు మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నా. నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు.

మార్చి 15
కాలవగట్టు తోటలో దింపు. చెట్టు పైనుంచి మా పెరడు కనిపిస్తుంది. గడ్డివాము వెనక నాన్న. నా పాత కత్తి. బొండాం కొడుతున్నాడు. రెండు దెబ్బలు తప్పాయి. అరిచాను. అంత దూరం ఏం వినబడుతుంది. జారినట్టే దిగాను, మోకాళ్ళు గీరుకుపోయాయి. పరిగెత్తి వెళ్ళేసరికి ఖాళీ బొండాం డొక్క. పలకరింపులకొచ్చినవి అన్నీ ఇచ్చేశాననే అనుకున్నాను, దాచుకున్నట్టున్నాడు.

"ఎన్ని తాగావు?"
"ఒకటే."
"ఇవాళేనా, రోజూనా?"
డొక్కని కాలితో గడ్డి కిందకి తోశాడు.
"చచ్చిపోతావు నాన్నా!"
"బొండాం కొట్టిచ్చిన రోజుల్లో పది నిమిషాలు పక్కన కూర్చునేవోడివి. ఇప్పుడు గ్లాసు పెట్టి, కొలత చూసుకుని పోతున్నావు. నీకంటే పోలీసోళ్ళు నయం, బీడీ అయినా ఇస్తారు."

కత్తి లాక్కున్నాను.

మార్చి 16
అక్కకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ నన్నే అంటుంది.
మధ్యాహ్నం అరగ్లాసు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను.
"చప్పగా ఉన్నాయి."
"నీళ్ళు చప్పగానే ఉంటాయి."
మూతి తిప్పుకున్నాడు. అయినా గ్లాసు తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది.

మార్చి 18
పొద్దున్నే కాకినాడ వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చేశాం. రిపోర్టు అక్క తీసుకుని ఫోను చేస్తానంది. నాకు పట్టుబడిన రోజు నుంచి బొండాం ముట్టలేదంటున్నాడు నాన్న. ఒట్టు కూడా వేశాడు.

ఇందాక గడ్డివాము వెనక్కి వెళ్ళాను. గడ్డి కింద నుంచి డొక్క అంచు కనిపించింది. ఆ రోజుదే అయ్యుంటుంది. ఈ పని చేసేవోణ్ణి, కోత చూస్తే ఏ రోజుదో చెప్పేస్తాను. గడ్డి తియ్యకుండా వచ్చేశాను.

ఫోను మోగుతోంది. అక్కే. మూడోసారి. నాన్న గుమ్మం పట్టుకుని నా మొహం వైపే చూస్తున్నాడు.

వెళ్ళాలి.