కట్టెలు కావవి

మార్చి 4, సోమవారం

ఈ ఉదయం అన్ని ఉదయాల్లాంటిదే. ఐదున్నరకు లేచి ఒక కీర్తన చదువుకున్నాను. ఓట్స్ గంజిలో ఉప్పు వేసుకుని నిలబడే తాగాను. ఆదివారం పని ముట్టుకోము కనుక నిన్నటి గిన్నెలు ఇవాళ కడిగాను. వానలోనే గొర్రెలకు గడ్డి వేసి, ఎనిమిదికి ఎస్టేట్ భవనానికి నడిచాను. అక్కడి గ్యాలరీ తుడవడం నా పని.

శనివారం కొత్త ఎగ్జిబిషన్. గోడ మీద మా లోయ! రెండు వందల ఏళ్ల నాటి నీటిరంగుల బొమ్మ. కొండలు, బంగారు పొగమంచు, దారిలో చీమలంత ఐదుగురు మనుషులు, వాళ్ల చేతుల్లో పొడుగాటి కర్రలు. అద్దం తుడుస్తూ లేబుల్ చదివాను. "మనిషి అడుగు పడని ప్రశాంత లోయ. కట్టెలు ఏరుకుని ఇళ్లకు వెళ్తున్న పల్లెజనం."

లేబుల్ రెండోసారి చదివాను.

మార్చి 5

మా లోయలో చెట్టే లేదు. బురదనేల కోసి, ఎండబెట్టి, ఆ పీట్ గడ్డలే పొయ్యిలో పెడతాం. కట్టెలు ఎక్కడ ఏరుతారు? బొమ్మలో వాళ్లు మోస్తున్నవి మనిషికి రెండింతల పొడుగు, విల్లులా వంపు. ఇంటి దూలాలు. గొర్రెల మందల కోసం దొర లోయను ఖాళీ చేయించినప్పుడు మావాళ్లు దూలాలు పీకి, మోసుకుంటూ సముద్రపు ఒడ్డుకు నడిచారు. దూలం లేకపోతే అక్కడ తల మీద కప్పు లేదు.

ఆ బంగారు మంచు మంచు కాదు. దొర మనుషులు అంటించిన గడ్డికప్పుల పొగ. చిత్రకారుడు దొర అతిథి. కడుపునిండా తిని వచ్చి, చూసి, అందంగా గీశాడు.

మనిషి అడుగు పడని లోయట!

మార్చి 6

గ్యాలరీ చూసుకునే క్యురేటర్ పెల్లమ్‌తో చెప్పాను. "చాలా ఆసక్తిగా ఉందండీ, కానీ ఆధారం కావాలి కదా" అన్నాడు. మా ఇంటి పాత బైబిల్ తీసుకెళ్లి చూపించాను. అట్ట లోపల, 1819లో వెళ్లగొట్టిన పదకొండు ఇళ్లవాళ్ల పేర్లున్నాయి. ఇంట్లో రాసుకున్నవి ఆధారం కావన్నాడు.

దొర ఇంట్లో గీసుకున్నది మాత్రం ఆధారమా? ఈ మాట దారిలో తట్టింది. ప్రభువా, నా కోపం ఇంత ఆలస్యంగా వస్తుందేమిటి?

అదే రోజు సాయంత్రం

తమ్ముడు ముర్డో ఎస్టేట్‌లో జింకల కాపలాదారు. "నీకెందుకక్కా ఈ గోల? బొమ్మ వాళ్లది, గోడ వాళ్లది, నేనుండే ఇల్లూ వాళ్లదే" అన్నాడు. శనివారం ఎగ్జిబిషన్ గుమ్మంలో తోలుతిత్తి పైప్స్ ఊదేదీ వాడే. చెల్లెలు ఎఫీ ఊరుకోలేదు. "అవును మరి, తాతలు దూలాలు మోశారు, నువ్వు దొర వేట తుపాకులు మొయ్యి" అంది. వాడు టీ తాగకుండా వెళ్లిపోయాడు.

మార్చి 7

ప్రార్థన కుదరలేదు.

మార్చి 8, సాయంత్రం

ముర్డో వచ్చాడు. ఒక్కడే వెళ్లి బొమ్మ చూశాడట. "కట్టెల మోపైతే వీపున కడతారక్కా. ఇద్దరు చెరో కొసా పట్టారంటే అది దూలమే" అన్నాడు. ఎఫీ వాడికి టీ పోసింది.

రేపటి సంగతి తేల్చాం. ముర్డో గుమ్మంలో పైప్స్ ఊదడు. బొమ్మ పక్కన నిలబడి పదకొండు ఇళ్ల పేర్లూ చదువుతాడు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే వాడూ భార్యా నా దగ్గరికి వస్తారు. దూలాల సంగతి నేను చెప్పాలి. నేను మాట్లాడలేను, పక్కన ప్రార్థన చేస్తూ నిలబడతానన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు.