ఇరవై ఏడో ఇంటి గుడ్డు

చువిసక్, తొతోనికపాన్ కొండలు,
గ్వాటెమాలా.
18 సెప్టెంబరు 2023

గురువుగారు డాక్టర్ ఎర్సిలియా గారికి,

మీ శిష్యురాలు ఎవులాలియా తుమాష్ వినయంగా రాస్తున్న ఉత్తరం. మీ మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, నా మీద కోపం కూడా కాస్తయినా తగ్గిందనీ ఆశ. ఇక్కడ వానలు బాగున్నాయి. అమ్మ నన్ను రోజూ తిట్టగలిగేంత ఆరోగ్యంగా ఉంది.

ఇక ఆగలేను. గెలిచామండీ! మన వ్యాసం అచ్చుకు తీసుకున్నారు. అంతకంటే పెద్ద మాట, మా కొండ మీది పదహారు ఊళ్లలో పిల్లలకు తిండి పెట్టే కేంద్రాలు మూసేయడం లేదు. పోయిన వారం రాజధానిలో అధికారుల ముందు గంటసేపు మాట్లాడాను.

మూడేళ్ల కిందట మీ గదిలో జరిగిన గొడవ మీరు మరిచిపోయి ఉండరు. పాతికేళ్లలో మీరు నాలుగుసార్లు చేసిన సర్వేల్లో మా ఊరి ఆకలి గీత కిందికి దిగుతూనే వచ్చింది. పిల్లల ఎత్తులు మాత్రం అంగుళం కదల్లేదు. తిండి ఉంటే పిల్లలెందుకు పెరగరని మీరు నీళ్లను అనుమానించారు, కడుపులో పురుగుల్ని అనుమానించారు. మీ వెనక వచ్చిన వ్యాసాలన్నీ అదే దారి పట్టాయి. ఆ గీతను చూసి పై అధికారులు కేంద్రాలు ఎత్తేద్దామన్నారు. మనం ప్రశ్న అడిగే చోటే తప్పని నేనంటే, “అంకెలకి నీ ఊరి మీద ప్రేమ ఉండదమ్మాయ్” అని తలుపు చూపించారు. బస్సులో ఇంటిదాకా ఏడ్చాను.

మావాళ్ల పద్ధతి మీకు తెలుసు. గడప దాటి వచ్చిన మనిషికి ముందు పీట, వెంటనే పళ్లెం. ఆ పళ్లెం ముందు కూర్చుని “ఈ నెలలో మీకు తిండి చాలలేదా?” అని అడిగితే, వడ్డించిన ఇల్లాలు ఏమని చెబుతుంది?

అందుకే ఈసారి ఏ గడపా తొక్కలేదు. పొద్దున్నే మిల్లు దగ్గర నిలబడ్డాను. ఉడికించిన మొక్కజొన్న పట్టించుకోడానికి ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడికే వస్తారు, అక్కడ ఎవరూ ఎవరికీ అతిథి కారు. మిల్లు నడిపే కాండెలారియా అత్త మొదటిరోజే తగులుకుంది.

“ఏంటే, పట్నంలో అంత చదువూ చదివి మా గిన్నెల్లోకి తొంగిచూస్తున్నావ్? పిండి కావాలంటే అడగొచ్చుగా!”

“పిండొద్దు గానీ అత్తా, ఏడుగురున్న ఇంటికి ఈ గిన్నెడు సరిపోద్దా?” అన్నాను, వరసలో ముందున్న మికాయేలా చేతిలో గిన్నె చూపించి.

మికాయేలాయే అందుకుంది. “సరిపోతే నేనిట్టా పుల్లలా ఎందుకుంటానే? జావలో నీళ్లు పోసీ పోసీ మా బావి ఎండిపోయింది!”

వరసంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక ఒక్కొక్కరే చెప్పడం మొదలెట్టారు. “దేవుడి దయ వల్ల మాకు లోటు లేదు” అని మీ కాగితాల్లో నాలుగుసార్లు చెప్పింది ఈ మికాయేలాయే.

ఎనిమిది నెలలు, మూడువందల పన్నెండు ఇళ్లు. గిన్నెలు తూచి, ఇంట్లో ఎంతమందో అడిగి లెక్కపెట్టి, మీరు కొలిచిన ఎత్తుల పక్కన పెట్టాను. గిన్నె ఎక్కడ చిన్నదో పిల్ల అక్కడే పొట్టి. మీరు పాతికేళ్లు వెతికిన రహస్యం ఏమీ లేదు గురువుగారూ, పిల్లలకి తిండి లేదు, అంతే.

సభలో ఒకాయన, “అయితే వీళ్లు ఇన్నేళ్లూ అబద్ధం చెప్పారంటారా?” అన్నాడు. “లేదండీ, మర్యాద చేశారు. మనం దాన్ని సమాధానమనుకుని రాసుకున్నాం” అన్నాను. సభంతా చప్పట్లు! కబురు తెలిసి కాండెలారియా అత్త మిల్లు ఆపేసి మరీ టపాకాయలు కాల్చిందట.

వ్యాసంలో మొదటి పేరు మీదే. మీ ఎత్తుల కొలతలు లేకపోతే నా గిన్నెలు వట్టి గిన్నెలే. అచ్చుకు ముందు మీ సంతకం కావాలి, కాగితం జతచేశాను. కోపం ఉంటే సంతకం పెట్టాక తిట్టండి.

మీ చదువునూ మీ తిట్లనూ సమానంగా అందుకున్న,
ఎవులాలియా

తా.క. మీరు ప్రతి తరగతిలోనూ ఇరవై ఏడో ఇంటి సంగతి చెబుతారు. వారానికి మూడు గుడ్లు తినే ఇల్లు, అయినా పిల్ల ఎదగలేదు అని. అది మా ఇల్లు. ఆ పిల్ల నేనే, అప్పుడు తొమ్మిదేళ్లు. మీరు వాకిట్లోకి రాగానే అమ్మ నన్ను పెరటి దారిన కాండెలారియా అత్త దగ్గరికి పరిగెత్తించింది, ఒక గుడ్డు అడిగి తెమ్మని. ఆరోజు మా ఇంట్లో గుడ్డు తిన్నమాట నిజమే. తిన్నది మీరు. తలుపు చాటున నన్ను చూసి సగం నాకు మిగిల్చారు, అదీ నాకు గుర్తే. మూడేళ్ల కిందట ఈ ఒక్క మాట చెబితే మీరు నమ్మేవారేమో. కానీ మా ఇంట్లో గుడ్డు లేదని మీకెలా చెప్పను? నేనూ ఆ ఊరిదాన్నే కదా. ఇప్పుడు మాకు ఆరు పెట్టలున్నాయి. రండి, ఈసారి గుడ్డు మొత్తం తినండి. రాసుకోవద్దు.