నీళ్లు తాగే రోడ్డు

తిరుపతి,
25-11-1983.

చిరంజీవి తమ్ముడు బాలసుబ్రమణ్యానికి,

అక్క దీవెనలు. స్వామి చల్లగా చూడబట్టి ఇక్కడ అందరం బాగున్నాం. రూర్కీ చలికి ఉన్ని బనియను వేసుకుంటున్నావా? ట్రైనింగు ఇంకా ఎన్నాళ్లని మీ బావ అడుగుతున్నారు. చింతకాయ తొక్కు నూరి పెట్టాను. అటు వచ్చేవాళ్లు దొరికితే పంపుతాను.

మన వీధి రోడ్డు నీళ్లు తాగుతోందా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. రెండుసార్లూ దాటేశాను. తాగడం లేదు నాయనా. నిరుడు నువ్వు వాననీళ్లు భూమిలోకి దిగేలా గుల్లగుల్లగా వేయించిన కొత్తలో బిందెడు నీళ్లు పోసినా చూస్తుండగానే ఇంకిపోయేవి. ఈ కార్తీక వానలకు పాదం మునిగేంత నిలిచాయి. మీ రోడ్ల ఆఫీసువాళ్లు వచ్చి ఒక పెచ్చు తవ్వితే కంకర సందుల్లో సన్నపొడి కనబడింది. కంకరలో పొడి కలిపాడని, రోడ్డు పోసిన దొరస్వామి మేస్త్రిని పనిలోంచి తీసేశారు.

అతను మన అరుగు మీద కూర్చుని, "జల్లెడ పట్టి పట్టి పోసినానమ్మా. అయ్య ఈడుంటే నన్నిట్ల అననిచ్చుంటాడా?" అని ఏడ్చాడు. మజ్జిగ ఇచ్చాను. నిజం చెప్పకుండానే పంపేశాను. అతను రాకముందే నాకు అసలు సంగతి తెలుసు.

"దీని మీద మన్ను పడనీయొద్దక్కా, గుల్లలు పూడితే నీళ్లు దిగవు" అని చెప్పి వెళ్లావు. మన్ను పడనివ్వలేదు. రోజూ ఊడ్చాను. ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు వేశాను. ధనుర్మాసం నెలంతా సగం రోడ్డు దాకా రథం ముగ్గులు. నన్ను చూసి వీధంతా వేసింది. ముగ్గుపిండి కూడా మన్నేనని నాకు తోచలేదు.

వాన రోజు ఎదురింటి ప్రేమానందం మాస్టారి భార్య నవ్వుతూ, "మా వాకిట్లో సుక్క నీళ్లు నిలవలేదు సూడు వదినా. మీ దేవుళ్లకన్నా మా యేసయ్యే మేలు!" అంది. వాళ్లు ముగ్గు వేయరు కదా. నవ్వబోయి ఆగిపోయాను. పిన్నీసుతో మన వాకిలి ముందు గుల్లను గీకితే, పేడతో గట్టిపడిన ముగ్గుపిండి రాలింది.

ఎనిమిది రోజులుగా గోవిందనామాలు సగంలోనే తప్పుతున్నాను. ఈ పొద్దున ఊడ్చి ఊరుకున్నాను. ముగ్గులేని వాకిలి చూసి, చావు కబురేమోనని పక్కింటి చెంగమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? ఎవురికేమైనాది?"

"మా ఇంట్లో కాదు చెంగమ్మా, దొరస్వామి ఇంట్లో పొయ్యి ఆరింది. ఆర్పింది నేను" అని అంతా చెప్పేశాను.

నువ్వూ మీ పై ఆఫీసర్లకు తప్పు నాదేనని నా పేరు పెట్టి రాయి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, గీకిన పొడి, ఇంట్లోని ముగ్గుపిండి రెండు పొట్లాలుగా కట్టుకుని నేరుగా మీ ఆఫీసుకే పోతున్నాను. ఆఫీసరు ముందు నా గొంతు లేస్తుందో లేదో. లేవకపోతే పొట్లం విప్పి, ఆయన బల్ల మీదే ఒక ముగ్గు వేసి చూపిస్తాను.

ఇట్లు,
నీ అక్క
పంకజాక్షి