బావ పాతిపెట్టిన సీసా

జనవరి 12, 1997
నిన్నటికి అక్క పోయి నలభై రోజులు. ఫాతిహా చదవడం అయ్యాక బావ నోరు జారాడు.
"మూడేండ్ల కింద రొమ్ములకెళ్లి తీసిన గడ్డ... పరీక్షకు పట్నం తీస్కపోలే ఖాజమ్మా. మనిషి మాంసం, మట్టికే పోవాలె గద. సీసాతోటే ఖబరస్తాన్ల పాతిన."
మరి రిపోర్టు మంచిగుందని ఇంటిల్లిపాదికీ చెప్పిందెవరు? నువ్వే కదరా.

జనవరి 13
ల్యాబులో డ్యూటీ. ఈ రెండేళ్ళుగా పాలమూరు జనం గడ్డల సీసాలన్నిటికీ పేర్లు రాసి అంటించేది నేను. మా అక్క గడ్డకు పేరు లేదు.

జనవరి 20
బావను వదలను. వాళ్ళ ఊరు ఆత్మకూర్ నడిబజార్లో నిలబెట్టి అడుగుతాను.

ఫిబ్రవరి 3
పట్నం. క్యాన్సర్ పాకాక అక్క కాలేయంలోంచి ఆఖర్న తీసిన ముక్క, ల్యాబులో మైనపు దిమ్మలో దాచింది, ఈ జబ్బు మీద పరిశోధన చేసే ఒక డాక్టర్ మేడమ్‌కు ఇచ్చాను.

మార్చి 12
మేడమ్ ఫోను. ముక్కలో ఒక జన్యువు మారి ఉందట. "అట్లా మారిన గడ్డలు తొందరగా పాకుతాయేమోనని మా అనుమానం. మొదటి గడ్డ ఉంటే పోల్చి చూసేదాన్ని."
ఉంది! ఫార్మలిన్ మందులో వేసింది కదా, కుళ్ళదు.

మార్చి 16
ఆత్మకూర్. సీసా కావాలన్నాను. పరుపు కుడుతున్న బావ దబ్బనం పక్కన పెట్టి లేచాడు.
"నువ్వొద్దు. నేనే తవ్వుత. ఆమె గోరీ పక్కపొంటే ఉన్నది."
ఖబరస్తాన్‌లో, గడ్డపార తగిలి సీసా పగులుతుందని చేతులతోనే తవ్వాడు. మూతకు తుప్పు. లోపల గోధుమరంగు ముక్క. వెక్కి వెక్కి ఏడ్చాడు.
నాకు జాలి రాలేదు. రానివ్వను.

మార్చి 17
మేడమ్ సీసా అందుకుంది. "ఇన్నేళ్ళు నానింది. ఏమైనా తేలుతుందో లేదో."
మళ్ళీ తనే — "ఇందులోనూ ఆ మార్పే ఉంటే, గడ్డ తీసేనాటికే పాకి ఉండొచ్చు. అప్పట్లోనే పరీక్ష చేయించి రిపోర్టు వచ్చినా మీ అక్క బతికేదని చెప్పలేను."
"లేకపోతే?"
"అప్పుడు... వైద్యానికి టైమ్ ఉండేదేమో."

ఏప్రిల్ 2
ఐదు పూటలా నమాజులో అల్లాను వేడుకునేది ఒకటే దువా. ఆ మార్పు ఉండొద్దు. అక్క బతికేదని తేలాలి. తప్పు వాడిదే కావాలి.
ఛీ, ఏం దువా ఇది. అయినా మానలేదు.

ఏప్రిల్ 9
మేడమ్ దగ్గర్నుంచి రిపోర్టు కవరు వచ్చింది. ఎట్లా తెలిసిందో, బావ పొద్దున్నే బస్సెక్కి వచ్చి ల్యాబు మెట్ల మీద కూర్చున్నాడు. "నాదే తప్పని ఉంటే చెప్పు ఖాజమ్మా. నడిబజార్లనే ఒప్పుకుంట."
కవరు ఇంకా చింపలేదు. వాడి తప్పు లేదని ఉంటే... రేపటి నుంచి నేనెవరిని తిట్టుకోవాలి?