నేలమాళిగ గడపకి పసుపు

అమీర్‌పేట,
ఆదివారం.

చిరంజీవి శ్రీనుకి అక్క సరోజ దీవించి రాస్తున్నది. నువ్వూ, లలితా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, బెంగ పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోన్లో అయితే నేను రెండు ముక్కలు అనేలోపే "సరేలే అక్కా" అని పెట్టేస్తావు. మొన్న నీ కొత్తింటి గృహప్రవేశానికి పిలుస్తూ, "పొద్దున్నే హడావిడి పడకక్కా, భోజనాల వేళకి వచ్చెయ్" అన్నావు చూడు, దానికి జవాబే ఈ ఉత్తరం. మొగుడు పోయినదాని ముఖం గడప పూజప్పుడు కనబడకూడదని అత్తయ్య అని ఉంటుంది. అన్నది ఆవిడే అయినా పిలిచింది నువ్వు. నాకు కోపంగా ఉందిరా. ముందు ఇక్కడి సంగతులు రాస్తాను, ఈలోపు కాస్త తగ్గుతుందేమో.

వానలు మొదలయ్యాయి. హాస్టల్లో బట్టలారవు. కోచింగ్ పిల్లలంతా చెవుల్లో వైర్లు పెట్టుకుని తిరుగుతారు, పలకరిస్తే ఉలిక్కిపడతారు. సాంబారుకీ చారుకీ తేడా తెలియదు ఇక్కడి వంటమనిషికి. ఆకలేస్తే అదే తింటాననుకో.

పని మధురానగర్‌లోనే, నడిచే పోతాను. ఏం పనో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, చెబితే నవ్వుతావని. బల్ల మీద ఆడుకునే ఆట ఒకటుంది. ఆడేవాళ్ళు చిన్నపిల్లలు కాదు, గడ్డాలూ ఉద్యోగాలూ ఉన్నవాళ్ళు. వేలెడంత బొమ్మ వీరులు, రాక్షసులు నేలమాళిగల్లో తిరుగుతారు. ఆ నేలమాళిగలు మేం కడతాం. ప్లాస్టర్ పొడి నీళ్ళలో కలిపి రబ్బరు అచ్చుల్లో పోసి, బుడగలు పోయేలా తట్టి, గట్టిపడ్డాక చిన్న చిన్న రాళ్ళలా ఊడదీసి అతికిస్తాం. గోడలు, మెట్లు, గుమ్మాలు అన్నీ వస్తాయి. ముందు మొత్తానికి నల్లరంగు కొట్టి, ఆపైన దాదాపు ఆరిపోయిన కుంచెతో బూడిదరంగు పైపైన రుద్దితే అంచులు తేలి అచ్చం పాత కోటలా ఉంటుంది. మీ బావ సీలింగ్ పనికి పొడి కలిపి అందించిన చేతులు కదా, తొందరగానే పట్టుబడింది. మీ అటక మీద ఆయన చిన్న తాపీ ఉంటుంది, ఎవరైనా వస్తుంటే పంపించు.

ఇంతకీ జరిగింది విను. మొన్న శుక్రవారం పొద్దున్నే గుమ్మాలకి రంగు వేస్తున్నాను. కాగడాల మంటకని పసుపురంగు పక్కనే ఉంది. ఏ ధ్యాసలో ఉన్నానో, గడపంతా పసుపు పూసేసి, ఎర్రరంగుతో బొట్లు కూడా పెట్టేశాను. పెళ్ళయినప్పటి నుంచి మీ బావ పోయేదాకా ప్రతి శుక్రవారం చేసిన పనే కదా. ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను ఆ గడప దగ్గర కూర్చోనివ్వలేదు. పాపం, చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా ఓనరు ప్రసాద్ గారు చూసి తలపట్టుకున్నారు. "ఏంటండీ సరోజ గారూ, నేలమాళిగకి పసుపేంటి? దెయ్యాల్ని పేరంటానికి పిలుస్తున్నారా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. గీకేద్దామని చాకు తీశాను. నాతో పనిచేసే యాదగిరి అడ్డుపడ్డాడు. "ఉండనీయుండ్రి సార్, మస్తుగున్నది. జర ఆడేటోళ్లను సుత చూడనీయుండ్రి" అని సామాను ఆటోలో ఎక్కించేశాడు.

పంజాగుట్టలో ఒక కాఫీ హోటల్ మేడ మీద ఆడతారు వాళ్ళు. బల్ల మీద అన్నీ అమర్చడానికి నేనూ వెళ్ళాను. ఒకమ్మాయి ఆ గుమ్మం చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరు పెయింట్ చేశారు?" అంది. తిట్లు తప్పవనుకుంటూ నేనేనన్నాను. "అయితే ఆంటీ, దీన్ని దాటి రాక్షసులు లోపలికి రాలేరు కదా?" అంది. రాలేరన్నాను. అంతే, అందరూ కలిసి దాన్ని నియమం చేసేసుకున్నారు. చావుకి దగ్గరైన వీరుల్ని లాక్కొచ్చి నా గడప లోపల కూర్చోబెడుతుంటే నేను గోడకానుకుని చూస్తూ ఉండిపోయాను. ప్రసాద్ గారు ఇప్పుడు అలాంటి గుమ్మాలే కావాలంటున్నారు. తన ఆలోచనేనని అందరికీ చెప్పుకుంటున్నారు కూడా. చెప్పుకోనీ.

కోపం తగ్గలేదురా. ఊరూ పేరూ తెలియని పిల్లలు నా చెయ్యి మంచిదని నమ్మారు. నిన్ను చంకనేసుకుని తిరిగిన చెయ్యి నీ గుమ్మానికి మాత్రం పనికిరాలేదు. లలిత మీద నాకేం లేదు, తనకి కోపం తెప్పించకు. అడగాల్సింది నిన్నే కాబట్టి అడుగుతున్నాను. గృహప్రవేశం రోజు తెల్లవారే సరికి వస్తాను. గడపకి పసుపు నేను రాస్తాను. అందుకు నీ నోటితో రమ్మంటేనే బస్సెక్కుతాను. లేదంటే నాకు విస్తరి వేయించకు. తమ్ముడింటికి పోయి అన్నం మాత్రమే తిని వచ్చేంత ఆకలి ఇంకా పుట్టలేదు.

పిల్లలకి ముద్దులు. లలితకి నా ఆశీస్సులు. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు. ఆవిడ దీవెన నాకు కావాలి, అయితే అది నా ముఖం చూసి ఇవ్వాలి.

మీ అక్క,
సరోజ