ఆఖరు ఆటకైనా రమ్మని

అమ్మా లోరీన్,

నేనూ, మన వెర్లిన్ జట్టూ బస్సులో క్షేమంగా మిస్సౌరీ చేరాం. శనివారమే ఫుట్‌బాల్ ఫైనల్. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. జట్టు బట్టలు చూసే పని నాదేగా, ఉతికిన జెర్సీలే మళ్లీ ఉతుకుతున్నాను.

నువ్వు చూడవచ్చిన మొదటి ఆట ఓడారని, నీ రాక అచ్చిరాలేదనుకుని, ఆ తర్వాత రేడియో దగ్గరే ఉండిపోయావు. వీళ్లేమో గెలుస్తూనే వచ్చారు. నిన్న భోజనాల దగ్గర జట్టులోని లావుపాటి స్టాన్లీ, "ఒరేయ్ వెర్లిన్, శనివారం దాకా మీ అమ్మను వంటింట్లో పెట్టి తాళం వేయించరా!" అన్నాడు. అందరితోపాటు మనవాడూ నవ్వాడు. తర్వాత నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"తాతా, చదువు అయిపోతోంది, ఇదే నా ఆఖరు ఆట. గెలవగానే అందరూ కంచె దగ్గరికి వాళ్లమ్మల కోసం పరిగెడతారు. నేను తలకున్న హెల్మెట్ తీసి పట్టుకుని ఒక్కణ్ణే నిలబడతాను."

"రమ్మని రాయనా?" అన్నాను.

"వద్దులే. ఓడితే తన వల్లే అనుకుంటుంది."

అయినా రాస్తున్నాను. శుక్రవారం మన ఊరి ఎల్మర్ ట్రక్కులో ఇటే వస్తున్నాడు, ఎక్కెయ్యి. నా ఉన్ని మేజోళ్లు తే. నీళ్ల గొట్టాలు గడ్డకట్టాయా? కోళ్లను పక్కింటావిడకు అప్పజెప్పు. నీకు రాస్తున్నట్టు వెర్లిన్‌కు చెప్పలేదు. గెలవనీ ఓడనీ, ఆట అయ్యేసరికి నువ్వు కంచె దగ్గర ఉండాలి.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నాన్న